కోర్టు గేటు బయట టైపింగ్ సెంటర్: పాత ఫార్మాట్‌కు ఒక స్టార్ కట్

తిరుపతిలో కోర్టు పని పడినవాళ్లకు ఈ షాపు తెలిసే ఉంటుంది. వెలిసిపోయిన బోర్డు, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్, కూర్చోడానికి ఒకటే బెంచీ. నాది కొర్లగుంటలో మోటార్ల రీవైండింగ్. మా చిన్నమ్మ కొడుకు పుత్తూరు వైపు ఒక పల్లెకు బోరు మోటారు చూడ్డానికి పోతే, టీ కొట్టులో వాడికి పేపర్ కప్పు, మిగతావాళ్లకు గాజు గ్లాసు ఇచ్చారు. ఎందుకన్నా ఇట్లా అని అడిగినందుకు ఆ మోటారు ఓనరే నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టాడు. ఆ ఫిర్యాదు టైపు చేయించడానికి వాణ్ని వెంటబెట్టుకుని పోయాను.

టైపు చేసే అక్క వెంటనే కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. "యాడ జరిగింది? ఇంట్లోనా, బయటా? ఎవురెవురు విన్నారు?" అని మొదలుపెట్టింది. ఈమెకెందుకు ఇవన్నీ అనుకున్నాను. నలుగురికీ కనబడే చోట జరిగితేనే అట్రాసిటీ యాక్టు (ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను ఆపే చట్టం) కింద తిట్టు సెక్షన్ పడుతుందని తర్వాత తెలిసింది. తిట్టినాయనకు మీ ఇల్లు ముందే తెలుసా అని కూడా అడిగింది. తెలుసు, రెండుసార్లు మా షాపుకే మోటారు తెచ్చాడు. అది రాస్తే కులం తెలియదని రేపు కోర్టులో తప్పించుకోవడం కష్టమట.

ఇక ఆ తిట్టు. నాకు నోరు రాలేదు. "కులం పేరుతో దూషించారు అని రాయక్కా" అన్నాను. "అట్లా రాస్తే ఏమన్నాడో ఎవురికి తెలుస్తుందన్నా? ఉన్న మాట ఉన్నట్టు రాయల్ల" అని పాత క్యాలెండర్ కాగితం ఒకటి, పెన్నూ తమ్ముడి ముందుకు తోసింది. వాడు వంగి రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఆమె మా మొహాల వైపు చూడకుండా టైపు చేసి, ఆ కాగితం చించి, ముక్కలు బుట్టలో వేయకుండా వాడి చేతికే ఇచ్చింది. నాలుగు స్టార్లూ దానికే.

స్టార్ కట్ చేసింది ఎందుకంటే, ఆమె ఫైల్లో ఇంకా ఆ యాక్టు పాత సెక్షన్ 3(1)(ఎక్స్), బెదిరింపుకు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 506 అనే ఉన్నాయి. జిరాక్స్ కోసం కూర్చున్న ఒక జూనియర్ లాయరు ప్రింటు చూసి నవ్వాడు. అట్రాసిటీ యాక్టును 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అవమానించడం (ఆర్), కులం పేరుతో తిట్టడం (ఎస్) అయ్యాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, బెదిరింపు అంటే 351. సెక్షన్లు వేసుకునేది పోలీసులు, మీరు జరిగింది రాస్తే చాలని తీయించేశాడు. రెండో ప్రింటుకు ఆమె డబ్బులు తీసుకోలేదు. అయినా ఇన్నేళ్లుగా ఎంతమంది ఆ పాత నంబర్లతో పోయారో!

స్టేషన్లో ముందు విచారించి చూస్తామన్నారు. అట్రాసిటీ యాక్టులో 2018లో వచ్చిన సెక్షన్ 18-ఏ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని ఆ అక్కే చెప్పి పంపింది కాబట్టి అదే మాట చెప్పి కూర్చున్నాం. సాయంత్రానికి కేసు కట్టారు, కాపీ ఊరికే ఇచ్చారు. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేసి 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. పరిహారం లక్ష, అందులో నాలుగో వంతు ఎఫ్ఐఆర్ దశలోనే రావాలి. ఇంకా రాలేదు.

మూడు పేజీలు, నాలుగు సెట్ల జిరాక్స్ కలిపి 130 రూపాయలు. మానిటర్‌కు అట్రాసిటీ కేసుల హెల్ప్‌లైన్ నంబరు 14566 అంటించి ఉంటుంది, ఫోటో తీసుకోండి. మధ్యాహ్నం భోజనం టైములో పోవద్దు, మూసేస్తుంది. కరెంటు పోతే టైపు చేసిందంతా పోతుంది, యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది. నేనే వచ్చి మార్చిస్తా అని నంబరు ఇచ్చి వచ్చాను, ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.