కాపీ యాజ్ పాత్: రెండేళ్లు రోజూ వాడాక నా మాట

కంట్రోల్ సి, ఆల్ట్ ట్యాబ్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవట్లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: ఫైల్‌ని సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ సి కొట్టడం. విండోస్ 11లో అలా కొడితే ఆ ఫైల్ ఎక్కడుందో ఆ పూర్తి పాత్, అంటే డ్రైవ్ నుంచి ఫైల్ పేరు దాకా ఉండే అడ్రస్, కాపీ అయిపోతుంది, విండోస్ 10లో అయితే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ అని వస్తుంది.

నా పనిలో రోజుకి 40, 50 ఫైళ్లు ఏదో ఒక సైట్‌లోకి ఎక్కించాలి. అప్‌లోడ్ నొక్కగానే వచ్చే ఆ విండో ఎప్పుడో వాడిన ఫోల్డర్ చూపిస్తుంది, అక్కణ్ణించి వెనక్కొచ్చి మళ్ళీ డి డ్రైవ్, సంవత్సరం, నెల, పేరు అనుకుంటూ లోపలికి దిగాలి. కావాల్సిన ఫోల్డర్ పక్కనే తెరిచి ఉంటుంది, కళ్ళ ముందే ఉంటుంది, అయినా వెతుక్కోవాలి, అదే ఒళ్ళు మండించేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆ విండో రాగానే కర్సర్ కింద ఫైల్ నేమ్ గడిలోనే ఉంటుంది, పేస్ట్ కొట్టి ఎంటర్ కొడితే ఫైల్ ఎక్కేస్తుంది. పాత్‌కి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు వస్తాయి, ఆ గడికి వాటితో పేచీ లేదు. వేరే కొన్ని ప్రోగ్రాముల్లో మాత్రం వాటిని చెరిపితే గానీ తీసుకోదు.

అదే గడిలో స్టార్, చుక్క, పీడీఎఫ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే పీడీఎఫ్‌లు మాత్రమే మిగులుతాయి, వందల ఫైళ్లున్న ఫోల్డర్లో ఇది ఎంత హాయో.

ఇంతవరకూ బాగానే ఉంది కానీ ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. ఒక రిపోర్ట్ సరిదిద్ది పంపాలి, పాతదీ కొత్తదీ రెండూ ఒకే పేరుతో వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నాయి, పాతది పొద్దున ఇంకో పనికి కాపీ చేశా. సాయంత్రం విండోస్ కీ, వి కలిపి కొట్టి క్లిప్‌బోర్డ్ హిస్టరీ తెరిచా, అందులో ఇంతకుముందు కాపీ చేసినవి 25 దాకా ఉంటాయి కదా, రెండు పాత్‌లూ మొదట్నుంచీ ఒకేలా ఉన్నాయి, మధ్యలో ఎక్కడో ఒక్క ఫోల్డర్ పేరే తేడా. పైపైన చూసి పాతదే పేస్ట్ చేసి పంపేశా. మర్నాడు అవతలివాళ్ళు ఫోన్ చేసి మేం చెప్పిన మార్పులేవీ ఇందులో లేవేంటండీ అని అడిగారు, ఫైల్ తెరిచి చూసుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు. చేత్తో ఒక్కో ఫోల్డర్ దిగి వెళ్ళినప్పుడు పక్కన డేట్ మాడిఫైడ్ కాలమ్ కంటికి తగులుతుంది, తెలీకుండానే చూస్తాం. పాత్ పేస్ట్ చేస్తే ఆ చూపు ఉండదు.

అప్పట్నుంచీ ముఖ్యమైనవాటికి ఫైల్ పాత్ కాకుండా ఫోల్డర్ పాత్ పేస్ట్ చేసి ఎంటర్ కొడుతున్నా, నేరుగా ఆ ఫోల్డర్లోకి తీసుకెళ్తుంది, తేదీ చూసుకుని ఫైల్ నేనే ఎంచుకుంటా. ఒక క్లిక్ ఎక్కువ, అయినా మనసు కుదుటగా ఉంటుంది.

నాలాగా రోజంతా అప్‌లోడ్లు చేసేవాళ్ళకి, ఫోల్డర్ లోపల ఫోల్డర్లు పెట్టుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. వారానికి ఒకటో రెండో ఫైళ్లు పంపేవాళ్ళకి, అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాళ్ళకి ఇంత అవసరం పడకపోవచ్చు, వాళ్ళకి తరచూ వాడే ఫోల్డర్‌ని విండోలో ఎడమ పక్కనుండే క్విక్ యాక్సెస్‌లో పిన్ చేసుకుంటే సరిపోతుందేమో.