మోకాళ్ళను కాపాడే ట్రెకింగ్ పోల్స్: ఇన్నేళ్ళు వాడాక నా మాట

నేనూ మా ఆయనా కలిసి కొండలెక్కడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఈ లోపల బూట్లు మారాయి, బ్యాగులు మారాయి, రెయిన్‌కోట్లు చిరిగిపోయాయి. మొదటి నుంచీ నా చేతిలో ఉన్నవి ఈ అల్యూమినియం పోల్స్ మాత్రమే, అంటే నడిచేటప్పుడు రెండు చేతులా ఆనించుకునే కర్రలు. కొందామా వద్దా అని ఆలోచించేవాళ్ళకి ముందే చెబుతున్నాను, ఎక్కేటప్పుడు వీటి విలువ పెద్దగా తెలియదు. దిగేటప్పుడు తెలుస్తుంది.

తిరుమలకి అలిపిరి నుంచి నడిచి వెళ్ళినవాళ్ళకి మెట్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ ఆ 3,550 మెట్లూ ఎక్కాక చాలామందిమి బస్సులోనే దిగిపోతాం. నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్ నుంచి దిగేటప్పుడు ఆ వీలు లేదు. దారిలో ఛోమ్‌రోంగ్ అనే ఊరు 2,170 మీటర్ల ఎత్తున ఉంటుంది. వెళ్ళేటప్పుడు అక్కడి నుంచి రాతిమెట్ల మీద వాగు దాకా దిగాలి, వంతెన దాటి మళ్ళీ సినువా అనే ఊరి వైపు ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడూ అదే దిగుడు, అదే ఎక్కుడు. 4,130 మీటర్ల బేస్ క్యాంప్ చేరేదాకా ఇబ్బంది పెట్టింది ఆయాసమే. మోకాళ్ళకి అసలు పరీక్ష దిగడంలో ఎదురైంది, అందులోనూ ఛోమ్‌రోంగ్ నుంచి ఝిను అనే ఊరి వైపు దిగే నిటారు మెట్ల మీద.

అక్కడ పోల్స్ ఎలా పనిచేస్తాయో చెబుతాను. రెండు మొనలూ ముందు కింది మెట్టు మీద ఆనించాలి. అవి నిలదొక్కుకున్నాయని చేతికి తెలిశాకే కాలు కిందికి దించాలి. అప్పుడు ఒంటి బరువులో కొంత అరచేతుల మీదుగా భుజాలు తీసుకుంటాయి, మోకాలి మీద ఒక్కసారిగా దెబ్బ పడదు. దీనికి పిడికి ఉండే పట్టీ సరిగ్గా వేసుకోవడం ముఖ్యం. చేతిని కింది నుంచి పట్టీలోకి పోనిచ్చి, పట్టీతో సహా పిడి పట్టుకోవాలి. అలా చేస్తే బరువు పట్టీ మీద పడుతుంది, పిడిని గట్టిగా బిగించి పట్టుకోవాల్సిన పని ఉండదు. పైనుంచి చెయ్యి దూర్చేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు, సాయంత్రానికి వాళ్ళ వేళ్ళు పట్టేస్తాయి.

ఈ పోల్స్ ముక్కలు ఒకదాన్లోకి ఒకటి జరుగుతాయి కాబట్టి పొడవు మార్చుకోవచ్చు, అదీ ముఖ్యమే. చదును నేల మీద మోచెయ్యి సమకోణంలో వంగేలా పెట్టుకుంటాను. ఎక్కుడులో కాస్త తగ్గిస్తాను, పెద్ద దిగుడు వస్తే 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచుతాను. మార్చుకోవడానికి అర నిమిషం చాలు, బద్ధకించకూడదు.

దంపతులు చాలామంది ఒకే జత కొని చెరొకటి పట్టుకుని నడుస్తుంటారు. చదును దారిలో నడిచిపోతుంది గానీ మెట్ల దిగుడులో ఒక్క కర్ర చాలదు, ఒళ్ళు ఒకవైపుకే వాలిపోతుంది. మనిషికి రెండు ఉండాల్సిందే. ఖర్చు ఎక్కువనిపిస్తే ఖరీదైన కార్బన్ జత ఒకటి కొనే బదులు మామూలు అల్యూమినియం జతలు రెండు తీసుకోండి. కార్బన్ తేలిక, నిజమే. కానీ రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకి ఒత్తిడి పడితే విరిగిపోవచ్చు. అల్యూమినియం అయితే ముందు వంగుతుంది. నా వాటిలో ఒకటి కొంచెం వంగే ఉంది, దానితోనే నడుస్తున్నాను.

మా ఆయన మొదటి జత మెలితిప్పి బిగించే రకం. తడి, చలి కలిసేసరికి ఆ బిగింపు జారడం మొదలైంది. దిగుతూ బరువు వేసినప్పుడు కర్ర లోపలికి కుంగిపోయింది. ఆయన పక్కనున్న రాతిగోడ పట్టుకుని నిలబడ్డారు కాబట్టి సరిపోయింది. నాకు ఆ రోజంతా టెన్షనే, ప్రతి మెట్టుకీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఊరొచ్చాక ఆయన కూడా బయట లివర్ ఉండే రకానికి మారారు. లివర్ వదులైతే చిన్న స్క్రూ బిగిస్తే చాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి.

వీటి అవసరం లేని చోట్లూ ఉన్నాయి. శ్రీలంకలో శ్రీపాద శిఖరం 2,243 మీటర్లు, అయిదు వేలకు పైగా మెట్లు, జనం రాత్రిపూట ఎక్కుతారు. యాత్రల కాలంలో అంత రద్దీలో రెండు కర్రలు ఊపుకుంటూ నడిస్తే పక్కవాళ్ళకి తగులుతాయి. అక్కడ మడిచి బ్యాగుకి కట్టేసి, గుంపు పలచబడ్డాక దిగేటప్పుడు తీశాం. మొనలకి రబ్బరు తొడుగులు తప్పకుండా పెట్టాలి. లేకపోతే సిమెంటు మెట్ల మీద లోహపు మొన చప్పుడు భరించలేం.

అహోబిలంలో భవనాశి నది ఒడ్డున తడి రాళ్ళ మీద పోల్స్ చాలా సాయం చేశాయి. కానీ ఉగ్రస్తంభం వైపు రాళ్ళని చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన చోట అవే అడ్డం. అక్కడ చేతులు ఖాళీగా ఉండాలి. కొండ కింద అమ్మే వెదురు కర్రలు కూడా తక్కువేం కాదు, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొండెక్కేవాళ్ళకి అవే చాలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో నడకకైతే నేను పోల్స్ తీసుకెళ్ళను. పాడేరు దగ్గర వంజంగి దారి వానకి బురదైనప్పుడు మాత్రం మొన దగ్గర గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ ఉండాలి, అది లేకపోతే కర్ర బురదలో దిగబడుతుంది.

ఇంటికొచ్చాక ముక్కలు విడదీసి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడతాను. నూనె రాయకూడదు, రాస్తే బిగింపు జారుతుంది. అరిగిన మొనలు మార్చుకోవచ్చు, విడిగా దొరికే మోడలే కొనండి. విమాన ప్రయాణమైతే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, మొనలకి తొడుగులు వేసి, బట్టల మధ్యలో.