కరపత్రంలో చూపిన హాసోరును సొంత ఖర్చుతో చూశాము

2023 మార్చిలో మా అత్తగారు, నా భార్య, నేను మనిషికి 1,45,000 రూపాయలు కట్టి పవిత్ర దేశ యాత్రకు వెళ్లాము. యెరూషలేము, బేత్లెహేములలో నాలుగు రోజులు ఏ లోటూ లేకుండా గడిచాయి. నా బాధంతా ఐదో రోజు గురించే. ఆ రోజు బైబిల్లో కనిపించే పాడుబడ్డ ప్రాచీన నగరాలు మెగిద్దో, హాసోరు రెండూ చూపిస్తామని యాత్ర నడిపినవారు కరపత్రంలో స్పష్టంగా అచ్చువేశారు.

మెగిద్దోలో మాకు దక్కింది నలభై నిమిషాలు. దాదాపు ఎనిమిది మీటర్ల వ్యాసంతో గుండ్రంగా రాళ్లు పేర్చిన, ఇశ్రాయేలీయులకు ముందు ఆ దేశంలో ఉన్న కనానీయుల బలిపీఠాన్ని పైనుంచే చూపించి, దేవుడు ఆ జాతిని పూర్తిగా తుడిచిపెట్టాడని గైడు ఒక్క ముక్కలో ముగించాడు. తరువాత ఒలీవ చెక్క బొమ్మల దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టి, పొద్దుపోయిందంటూ హాసోరును రద్దు చేశాడు. కరపత్రం తీసి చూపితే, అందులో ప్రవేశ రుసుము కలపలేదని బుకాయించాడు.

మర్నాడు తిబెరియలో విశ్రాంతి. రానుపోను టాక్సీకి 350 షెకెళ్లు, అంటే సుమారు ఎనిమిది వేల రూపాయలు పెట్టుకుని మేమే హాసోరు వెళ్లాము. ఆ ఖర్చు తలచుకుని అత్తగారు దారి పొడవునా ముభావంగా ఉన్నారు. ఈ కనానీయుల నగరం ఎగువ, దిగువ పట్టణాలు కలిపి దాదాపు 200 ఎకరాలు. కంచు యుగంలో ఆ చుట్టుపక్కల ఇంత పెద్ద నగరం మరొకటి లేదు. పైకప్పు వేసి కాపాడుతున్న రాజభవనంలో, గోడల అడుగున నిలబెట్టిన నల్లరాతి పలకలు క్రీ.పూ. 13వ శతాబ్దపు మంటకు నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఆ నిప్పు పెట్టింది ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ సేనా, మరొకరా అన్న విషయంలో పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అత్తగారు బైబిలు తెరిచి, హాసోరును కాల్చిన సంగతి చెప్పే యెహోషువ 11వ అధ్యాయాన్ని అక్కడే నిలబడి, మెల్లగా, చివరి వరకు చదివారు.

నగరం కాలిపోయింది గానీ జనం అంతరించలేదు. లెబనాన్‌లోని సీదోనులో బయటపడిన, సుమారు 3,700 ఏళ్లనాటి ఐదుగురు కనానీయుల ఎముకల డీఎన్ఏను పరిశీలించి 2017లో ప్రచురించిన పరిశోధన, నేటి లెబనాన్ ప్రజల వారసత్వంలో 90 శాతానికి పైగా ఆ కనానీయులదేనని తేల్చింది. మెగిద్దోలో పాతిపెట్టిన వారి పళ్ల గారలో పసుపు ఆనవాళ్లు కూడా దొరికాయని నేను చెప్పేసరికి అత్తగారి ముఖం విప్పారింది. "మన పసుపేనా బాబూ, అప్పుడే అంత దూరం వెళ్లిందా?" అని టాక్సీలో రెండుసార్లు అడిగారు.

డబ్బు కట్టేముందే ప్రతి స్థలం పేరు, అక్కడ గడిపే సమయం, ప్రవేశ రుసుము ఎవరిదన్నది కాగితం మీద రాయించుకోండి. హాసోరుకు రెండు గంటలైనా అడగండి. అందులో ఒక గంట రాజభవనానికే సరిపోతుంది.