ఆడే కుక్కల వెంట కెమెరాతో: చూసిన చోట్లు, దిగిన బసలు

కుక్కలు బయట స్వేచ్ఛగా ఆడుకుంటుండగా ఫొటోలు తీయడం కోసమే చేసిన ప్రయాణం ఇది. వెంట వచ్చినవి మూడు కుక్కలు: నల్లటి లాబ్రడార్, తెలుపు నలుపు కలిసిన బోర్డర్ కోలీ, పొట్టి కాళ్ళ డాక్స్‌హండ్. దారిలో ఒక సముద్రతీరం, ఒక అడవి అంచు, ఒక చెరువు గట్టు, ఒక గడ్డి మైదానం ఉండేలా చూసుకున్నాము. మనుషులు విహారానికి మెచ్చే చోట్లకూ, ఆడే కుక్కను ఫొటో తీయడానికి పనికొచ్చే చోట్లకూ పెద్దగా పొత్తు లేదని ఈ ప్రయాణంలో స్పష్టంగా తెలిసింది కనుక, ఇక్కడ నేను దృశ్యాల అందాన్ని కాక, నేలను, వెలుతురును, నేపథ్యాన్ని, కుక్కల భద్రతను బట్టి ఒక్కో చోటును తూస్తున్నాను.

సముద్రతీరానికి ఉన్న గొప్ప బలం ఇసుక. పొద్దుటి ఎండ ఇసుక మీద పడి కిందినుంచి పైకి ప్రతిఫలించడం వల్ల కుక్క పొట్ట కింద, దవడ కింద ఉండే నీడలు మెత్తబడతాయి. నల్లటి లాబ్రడార్ ముఖంలో కళ్ళు, బొచ్చు వివరంగా కనిపించిన ఫొటోలన్నీ ఇక్కడ తీసినవే. అయితే ఇదే ఇసుక, వెలుతురును కొలిచే కెమెరా మీటరును తప్పుదారి పట్టిస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్లటి ఇసుక ఉన్నప్పుడు కెమెరా మొత్తం దృశ్యాన్ని నల్లబరుస్తుంది. నల్ల కుక్క దగ్గరగా వచ్చి ఫ్రేమ్‌ను నింపినప్పుడు అదే కెమెరా అవసరానికి మించి వెలుతురును లాగుతుంది. పరుగెత్తే కుక్క ఈ రెండు స్థితుల మధ్య రెండు మూడు సెకన్లలోనే మారిపోతుంది కనుక, ఎండ నిలకడగా ఉన్నంతసేపూ ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురు మోతాదును, కెమెరాకు వదలక మాన్యువల్‌లో మన చేత్తోనే కట్టేసుకోవడమే మేలు. నేను షట్టర్ వేగాన్ని 1/2000 సెకను దగ్గర, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/4 దగ్గర నిలిపి, వెలుతురు మారినప్పుడు మాత్రమే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా సున్నితత్వాన్ని) సవరించుకున్నాను.

తీరంలో తీర్చుకోవలసిన రెండో చిక్కు దిక్చక్రం, అంటే నింగి, నీరు కలిసే గీత. చదునైన చోట సముద్రరేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తుకు సమానంగానే కనిపిస్తుంది. నిలబడి తీస్తే కుక్క మొత్తం ఇసుక మీదనో, నీటి మీదనో పడుతుంది. మోకాళ్ళ మీద కూర్చుంటే ఆ గీత సరిగ్గా కుక్క మెడనో, తలనో కోస్తుంది. బోర్లా పడుకుని లెన్స్‌ను జానెడు ఎత్తుకు దించినప్పుడు మాత్రమే గీత కాళ్ళ దగ్గరకు జారి, తల ఆకాశం ముందు శుభ్రంగా నిలుస్తుంది. డాక్స్‌హండ్ విషయంలో జానెడు కూడా ఎక్కువే. మోచేతుల కింద వేసుకోవడానికి ఒక పాత చాప ఉంటే హాయి.

ఉప్పునీటి తుంపర, సన్న ఇసుక ఎగిరే చోట లెన్స్ మార్చే పని పెట్టుకోకూడదు. కుక్కలకు సముద్రపు నీరు తాగడం ప్రమాదం: కొంచెం తాగినా వాంతులు, విరేచనాలు అవుతాయి, ఎక్కువైతే ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి మంచినీళ్ళ గిన్నె నీటి అంచుకు దగ్గరలోనే ఉండాలి. ఎండ ఎక్కాక అరచేతి వెనుక భాగాన్ని ఇసుక మీద ఆనించి చూసి, కొన్ని సెకన్లు ఆపలేకపోతే ఆట అక్కడితో కట్టిపెట్టాలి. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో చాలా తీరాలలో కుక్కలను వదలనివ్వరు. ఆ నియమాన్ని బయలుదేరక ముందే కనుక్కోవడం మంచిది.

అడవి గురించి ఎక్కువ చెప్పను. మా ప్రయాణంలో చూడటానికి అన్నింటికంటే అందమైన చోటు అదే, ఫొటోలపరంగా అన్నింటికంటే నిరాశపరిచిందీ అదే. ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలు కుక్క ముఖాన్ని ముక్కలు చేస్తాయి. నీడలోకి వెళితే 1/1000 సెకను కోసం ఐఎస్ఓ, ఫొటో గరుకుబారేంతగా, 6400 దాటవలసి వస్తుంది. ఆటో ఫోకస్ కుక్క కంటిని వదిలి ముందున్న రెమ్మను పట్టుకుంటుంది. అన్నింటికీ మించి, అడవిలో కుక్కలు అసలు ఆడవు, వాసన చూస్తాయి. నేలకు ముక్కు ఆనించిన మూడు వీపులు ఎన్ని తీసినా ఒకేలా ఉంటాయి. అడవి జంతువుల దృష్ట్యా పట్టీ విప్పడానికి వీలు లేదు, తిరిగి వచ్చాక చెవుల వెనుక, కాలివేళ్ళ మధ్య గోమార్ల కోసం వెతకడం వేరే పని. అక్కడ మాకు దొరికిన మార్గదర్శి దారి బాగా తెలిసిన మనిషే. కానీ ఆయన చూపాలనుకున్నది కొండకొమ్ము మీది దృశ్యం, మాకు కావలసింది సూర్యుడు ఎటునుంచి పడతాడన్న సంగతి.

చెరువు గట్టు మీద మేము ఎదురుచూసినది ఒక్కటే: నీళ్ళలోంచి బయటకు వచ్చిన కుక్క ఒళ్ళు విదిలించుకునే క్షణం. లాబ్రడార్ వంటి కుక్క సెకనుకు నాలుగైదు సార్లు ఒంటిని అటూ ఇటూ తిప్పుతుంది. 1/2000 సెకనుకు నీటిబొట్లు ముత్యాల్లా విడివిడిగా నిలుస్తాయి, 1/250 దగ్గర అవే సన్నటి చారలై ఒంటి చుట్టూ వలయం కడతాయి. నాకు రెండోదే నచ్చింది, ఎందుకంటే అందులో కదలిక ఉంది. అయితే కుక్క కళ్ళు కూడా చెదిరే అవకాశం ఎక్కువ కనుక పది తీస్తే ఒకటి మిగులుతుంది. సూర్యుడు కుక్క వెనుక, అంతకు వెనుక చీకటిగా ఉన్న చెట్లు ఉంటేనే ఈ బొట్లు మెరుస్తాయి. నీటి మీద పచ్చటి రంగు నురగలా తేలుతున్న చెరువులో మాత్రం కుక్కను దింపకూడదు; కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు విడిచే విషం గంటల్లో కుక్కను చంపగలదు.

ఇక గడ్డి మైదానం. ఎవరూ చూడటానికి రాని, పొట్టిగా కోసిన గడ్డి తప్ప ఏమీ లేని ఆ చోటే ఈ ప్రయాణంలో మొదటి స్థానానికి అర్హమైనది. కంచె దూరంగా ఉండటం వల్ల జూమ్ లెన్స్‌ను 200 మిల్లీమీటర్ల దగ్గర పెడితే నేపథ్యం పూర్తిగా కరిగిపోయింది; చుట్టూ ఆవరణ ఉండటం వల్ల పట్టీలు విప్పగలిగాము; ఏ మూల నిలబడినా సూర్యుణ్ణి కావలసిన వైపుకు పెట్టుకోగలిగాము. ఒకదాన్నొకటి తరిమే కుక్కలు తిన్నగా పరుగెత్తవు, పెద్ద వంపులు తిరుగుతాయి. ముందు కుక్క ఆ వంపులో మలుపు తీసుకునే చోటు రెండు మూడు చుట్లకే తెలిసిపోతుంది. వాటి వెంట పరుగెత్తక, ఆ మలుపుకు ఎదురుగా పడుకుంటే రెండు ముఖాలూ లెన్స్ వైపుకే వస్తాయి. ముందుకాళ్ళు నేలకు వంచి, తోక వైపు పైకెత్తి ఒక కుక్క మరోదాన్ని ఆటకు పిలిచినప్పుడు క్షణకాలం రెండూ కదలకుండా నిలుస్తాయి. పరుగుల ఫొటోలకంటే ఈ నిలుపుల ఫొటోలలోనే వాటి స్వభావం ఎక్కువగా కనిపించిందని నా అభిప్రాయం. వదిలిన మొదటి నిమిషాల్లో కుక్కలకు ఒళ్ళు తెలియదు, ఆ సమయాన్ని చూడటానికే ఉంచుకోవాలి. నాలుక పొడవుగా వేలాడి, చివర వెడల్పయిందంటే అలసిపోయాయని అర్థం, నీడలోకి తీసుకుపోవాలి. గడ్డి కోయకుండా వదిలేసిన మూలకు మాత్రం వెళ్ళవద్దు: డాక్స్‌హండ్ అందులో కనబడదు సరికదా, ఎండిన గడ్డి ముళ్ళు చెవుల్లోనూ కాలివేళ్ళ మధ్యనూ దిగుతాయి.

బసల విషయానికి వస్తే, కుక్కలకు స్వాగతం అన్న మాట ఒక్కో చోట ఒక్కో అర్థంలో వాడుతున్నారు. అన్నింటికంటే ఖరీదైన బసలో కుక్కకు మెత్తటి పరుపు, పేరు రాసిన గిన్నె ఇచ్చారు, కానీ పచ్చికలోకి దానిని రానివ్వలేదు. నున్నటి రాళ్ళ నేల మీద లాబ్రడార్ కాళ్ళు జారుతూనే ఉన్నాయి. మరొక చోట ప్రధాన ద్వారం తెల్లవారి చాలాసేపటికి గాని తెరవలేదు, దానితో మంచి వెలుతురంతా గది కిటికీలోంచే చూడవలసి వచ్చింది. మైదానానికి దగ్గరలోని సాదా గది వీటన్నింటికంటే నయం: కింది అంతస్తు, తలుపు తెరిస్తే నేల, పెరట్లో గొట్టం ఉన్న కుళాయి, గేటు తాళంచెవి మా చేతికే. గది కేటాయించుకునే ముందు ఈ నాలుగూ అడిగితే చాలు, పరుపు సంగతి అడగనక్కరలేదు. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను తేమ గాలిలోకి ఒక్కసారిగా తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి అరగంట పోతుంది. సంచి మూసే ఉంచి, లేవగానే వరండాలో పెట్టేస్తే ఆ బాధ లేదు.

అద్దెకు తీసుకున్న 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ బాగానే పనిచేసింది, దుకాణంలోనే నా కెమెరాకు తగిలించి, దారిన పోయే వాహనాల మీద ఫోకస్ వెంబడింపును పరీక్షించి తెచ్చుకున్నాను. కిలోన్నర బరువును పడుకుని మోయడం సులువే, నిలబడి మోయడమే కష్టం. అయినా లెన్స్‌కంటే ఎక్కువ ఉపయోగపడినది, మైదానం దగ్గర కొన్ని గంటలకు కుదుర్చుకున్న కుక్కల శిక్షకురాలు. ఆమె బంతిని నా తలమీదుగా వెనక్కి విసిరేది, అందువల్ల కుక్కలు నాకు ఎదురుగా వచ్చేవి; ఏ కుక్క విసుగుపడుతోందో నాకంటే ముందు గుర్తించి పక్కకు పిలిచేది. ఇటువంటి మనిషిని మాట్లాడుకునేటప్పుడు ఫొటోల అనుభవం ఉందా అని కాక, కొత్త కుక్కలను మొదటిసారి ఎలా కలుపుతారని అడగాలి. ఆమె మూడింటినీ ఒకేసారి వదలలేదు. ముందు పట్టీల మీద పక్కపక్కన కొంతదూరం నడిపించి, తోకలు వదులైన తర్వాతనే ఒక్కొక్కటిగా విప్పింది.