ఊటీకి మూడు ఇంజన్ల మీద: ఏది ఎలా ఉందంటే

ఊటీ బొమ్మరైలు రివ్యూల్లో ఎక్కడ చూసినా లోయలు, టీ తోటలే. నేను ఇంజన్ల గురించి చెప్తాను, ఎందుకంటే మద్రాసు నుంచి ఊటీ దాకా రైల్లోనే వెళ్తే ఒకే ప్రయాణంలో కరెంటు, ఆవిరి, డీజిల్ మూడూ తగులుతాయి.

నెల్లూరు నుంచి మద్రాసు చేరి రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పైన 25,000 వోల్టుల తీగ ఉందన్న సంగతే గుర్తు రాదు, పడుకుని లేస్తే మెట్టుపాళయం. కరెంటు ఇంజన్ గురించి రాయడానికేం ఉండదు, అదే దాని గొప్ప.

అక్కడ ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్‌ని పెట్టెలకు వెనక తగిలించి కొండ మీదికి నెట్టిస్తారు. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్లున్న కమ్మీ మొదలవుతుంది, ఇంజన్ కిందున్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. వాలు బాగా ఉన్నచోట 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, మామూలు చక్రాలైతే జారడమే. ఇంకో తమాషా, కింది సిలిండర్లలో ఒకసారి పనిచేసిన ఆవిరిని వదిలేయకుండా పై సిలిండర్లకు పంపి ఆ పళ్ల చక్రాన్ని తిప్పిస్తారు. మా అమ్మకి చెప్తే "రెండో డికాషన్ అన్నమాట" అంది, అంతే మరి!

కానీ దాహం ఎక్కువ దీనికి. హిల్‌గ్రోవ్‌లో ఇంజన్ నీళ్లు తాగుతుంటే మేం వడలు తిన్నాం, మావాడి చేతిలో వడ కోతి లాక్కుపోయింది. సుమారు 28 కిలోమీటర్లకు మూడు గంటల పైనే పట్టింది. మాకు తగిలింది ఆయిల్‌తో మండే ఇంజనే, బొగ్గు కాదు కదా అని తెల్ల చొక్కా వేసుకోవడం నా తెలివితక్కువతనం, సొరంగంలో కిటికీ కూడా దించలేదు, బయటికొచ్చి చూస్తే భుజం నిండా నల్ల చుక్కలు.

కూనూర్‌లో డీజిల్ తగిలించారు, పళ్ల కమ్మీ అక్కడితో సరి. గంటన్నర లోపే ఊటీ. పనికి వంక పెట్టలేం గానీ లారీలో కూర్చున్నట్టే ఉంది.

అందుకే ఊటీ దాకా టికెట్ దొరక్కపోతే బాధపడకండి, కూనూర్ దాకా దొరికినా చాలు, పైకి బస్సుంది. ఈ ప్రయాణం కొండ దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడే చేసుకోండి, ఇంజన్ ఆయాసం అప్పుడే వినాలి. వెనక పెట్టె అయితే మరీ బాగా వినిపిస్తుంది, మసి కూడా అక్కడే ఎక్కువ.