పెళుసు ఎముకల పిల్లలకు ఏ మందు మేలు: పామిడ్రోనేటా, జోలెడ్రోనేటా, డెనోసుమాబా?

తీవ్రరకం ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టాతో, అంటే పెళుసు ఎముకల జబ్బుతో, పుట్టిన బిడ్డకు లంగోటా మార్చేటప్పుడు కూడా తొడ ఎముక విరగొచ్చు. అలాంటి బిడ్డకు ఎముక కరిగిపోకుండా ఆపే మందు మొదలుపెడదామని డాక్టరు అనగానే, ఎదుగుదల ఆగిపోతుందేమోనని అమ్మానాన్నలు హడలిపోతారు. సరైన మోతాదులో ఇస్తే ఆగదు.

పామిడ్రోనేట్‌కు అనుభవబలం ఉంది. మాంట్రియల్ డాక్టర్లు 30 మంది పిల్లలకు ఇచ్చి 1998లో ఫలితాలు ప్రచురించారు. ఎముక సాంద్రత పెరిగింది, విరగడాలు తగ్గాయి. చిక్కల్లా ఆసుపత్రి రోజులతోనే: నాలుగు నెలలకోసారి, వరసగా మూడు రోజులు, రోజూ గంటల తరబడి సెలైన్‌లో ఎక్కించాలి. జోలెడ్రోనేట్ అయితే ఆరు నెలలకోసారి, అరగంట నుంచి ముప్పావుగంటలో అయిపోతుంది. సాంద్రత పెంచడంలో రెండూ ఇంచుమించు సమానమే. కూలి పోగొట్టుకుని దూరం నుంచి వచ్చే కుటుంబానికి నా ఓటు జోలెడ్రోనేట్‌కే. రెండేళ్లలోపు పసివాళ్లకు మాత్రం పామిడ్రోనేట్‌నే ఎక్కువకాలంగా వాడి చూశారు. ఏదైనా మొదటి డోసుకు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే. రక్తంలో కాల్షియం కూడా పడిపోవచ్చు. విటమిన్ డి సరిచూడకుండా సూది వేయించకండి.

మోకాలి ఎక్స్‌రే చూస్తే ఈ మందు చేసే పని కళ్లకు కడుతుంది. ప్రతి డోసుకూ ఎముక చివర ఒక తెల్లగీత పడుతుంది. పామిడ్రోనేట్‌కు ఏడాదికి మూడు, జోలెడ్రోనేట్‌కు రెండు. బిడ్డ పెరిగేకొద్దీ ఆ గీతలు గ్రోత్ ప్లేటుకు, అంటే ఎముక పొడవు పెరిగే చోటుకు, దూరంగా జరుగుతాయి. గీతకూ గీతకూ నడుమ జాగా ఉందంటే ఎముక పెరుగుతోందన్నమాట. కరగాల్సిన మృదులాస్థి కరగకుండా మిగిలిపోవడం వల్లే ఆ గీత. మోతాదు మితిమీరితే అదే ముప్పు: అమెరికాలో ఒక 12 ఏళ్ల బాబుకు పామిడ్రోనేట్ అతిగా ఇవ్వడంతో ఎముకలు రాయిలా గట్టిపడి పెళుసైపోయాయని 2003లో ప్రచురితమైంది.

మాత్రల సంగతికొస్తే, రిసెడ్రోనేట్ విరగడాలను కొంత తగ్గించింది, అలెండ్రోనేట్ స్పష్టంగా తగ్గించలేదు. వెన్నుపూసలు నలిగిన బిడ్డకు మాత్రలతో సరిపెట్టడం నాకు నచ్చదు.

డెనోసుమాబ్ చర్మం కింద ఇచ్చే సూది. బిస్ఫాస్ఫోనేట్లలా (పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్, పై మాత్రలు ఈ కోవవే) ఏళ్లతరబడి ఎముకలో ఉండిపోదు కాబట్టి ఆశగా కనిపిస్తుంది. కానీ దాని ప్రభావం తగ్గగానే అణిగి ఉన్న, ఎముకను కరిగించే కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఎదిగే పిల్లల్లో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగిపోతుంది. మిగతా మందులకు సరిగా లొంగని ఆరో రకం పెళుసు ఎముకల జబ్బులో, అదీ అనుభవమున్న కేంద్రంలో తప్ప దీని జోలికి వెళ్లొద్దు.

ఏ బిస్ఫాస్ఫోనేట్ ఎంచుకున్నా, ఎముక కోసి రాడ్డు వేసే ఆపరేషన్ ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడి డోసు వాయిదా వేయించాలి, లేకపోతే కోసిన చోట అతుకు ఆలస్యమవుతుంది. ఎదుగుదల సగంలో ఉండగా మందు పూర్తిగా మానేస్తే, ఆ తర్వాత పుట్టే కొత్త ఎముక బలహీనంగా ఉండి, గట్టిభాగంతో కలిసేచోట విరగొచ్చు. అందుకే మోతాదు తగ్గించైనా ఎదుగుదల ముగిసేదాకా కొనసాగిస్తారు.