విదేశంలో ఏ ఊళ్ళో కాపురం పెట్టాలి? తిరుపతి కన్సల్టెన్సీ సేవపై ఒక సమీక్ష

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పొడవునా, బాలాజీ కాలనీ చుట్టుపక్కలా విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీలకు కొదవ లేదు. ఉద్యోగం మీద కుటుంబంతో సహా వెళ్ళేవారికి అక్కడ ఏ ఊళ్ళో ఇల్లు తీసుకుంటే బాగుంటుందో కూడా చెబుతామని అలాంటి ఒక సంస్థ బోర్డు పెట్టింది. మేము అక్కడ ఆ సేవ తీసుకున్నాం. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి నివేదికే మరొక చోటా చేతికి రావచ్చు కనుక, అందులో ఏముందో, ఏం లేదో చెప్పడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

నా భార్యకు ఇంగ్లండులోని రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. పాప ఇక్కడ ఐదో తరగతి పూర్తి చేసింది, బాబుకు నాలుగేళ్ళు నిండాయి. రెడింగ్‌లోనే ఉండాలా, లేక రైలులో రోజూ వెళ్ళిరాగలిగే స్లౌ, స్విండన్, బేసింగ్‌స్టోక్ వంటి ఊళ్ళలో ఒకటి చూసుకోవాలా అన్నది మా ప్రశ్న. ఫీజు 18,000 రూపాయలు. అందులో వీసా పత్రాల పరిశీలన, ఊళ్ళను పోల్చి చూపే నివేదిక కలిసి ఉంటాయి.

పత్రాల విషయంలో వీరికి వంక పెట్టలేము. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ పట్టాలో పొడి అక్షరం మాత్రమే ఉండటం మొదటి చూపులోనే పట్టుకుని అఫిడవిట్ రాయించారు. క్షయ పరీక్ష గుర్తింపు పొందిన క్లినిక్‌లోనే చేయించాలని, మనకు దగ్గర చెన్నై అని, పిల్లలకూ సర్టిఫికెట్ కావాలని ముందే చెప్పారు. అన్నిటికన్నా మేలు చేసింది ఆరోగ్య సర్‌చార్జి లెక్క, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ వాడుకోవడానికి వీసాతో పాటు కట్టే రుసుము. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. మూడేళ్ళ వీసాకు నలుగురు సభ్యుల కుటుంబం ఒక్కసారే 10,866 పౌండ్లు ముందుగా కట్టాలి. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఈ మొత్తాన్ని కాలిక్యులేటరు మీద చూపించి, కంపెనీ భరిస్తుందో లేదో ఆఫర్ లెటర్‌లో చూసుకున్నారా అని అడిగింది. మేము చూసుకోలేదు. అలా అడిగించుకోవడానికే డబ్బు కట్టామన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక అసలు నివేదిక. స్పైరల్ బైండింగ్ చేసి, ఊరికొక పేజీ చొప్పున, ప్రతి అంశానికీ నక్షత్రాలు వేసి ఇచ్చారు. మొదటి స్థానం స్లౌకు దక్కింది. కారణం అడిగితే, "సార్, అక్కడ మనవాళ్ళు బాగా ఉన్నారు, ఇండియన్ సరుకులన్నీ దొరుకుతాయి, హీత్రో ఎయిర్‌పోర్టు పక్కనే, మీకేం ఇబ్బంది ఉండదు" అన్నారు. ఇవి తీసిపారేయవలసిన విషయాలు కావు. కొత్త దేశంలో మొదటి చలికాలం పక్కింట్లో మన మాట వినిపిస్తే ఎంత ధైర్యమో ఊహించుకోగలను. అయితే ఇద్దరు పిల్లలతో వెళ్ళేవారికి ఊరి మంచిచెడ్డలను తేల్చేది బడి, అందులోనూ ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఖాళీ సీటు ఉన్న బడి. నివేదికలో అత్యంత బలహీనంగా ఉన్న భాగం అదే.

బడుల పట్టికలో ఒక్కో పాఠశాల ఎదురుగా 'అవుట్‌స్టాండింగ్', 'గుడ్' అని రాసి ఉంది. ఇంగ్లండులో బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ ప్రభుత్వ బడులకు ఇలా ఒక్క మాటలో ర్యాంకు ఇవ్వడం 2024 సెప్టెంబరులోనే మానేసింది. అంతకుముందు కూడా, 'అవుట్‌స్టాండింగ్' తెచ్చుకున్న బడులకు 2012 నుంచి 2020 వరకు మామూలు తనిఖీల నుంచి మినహాయింపు ఉండేది. అంటే పట్టికలో మెరుస్తున్న ఆ మాట ఎన్నో ఏళ్ళ కిందటిది కావచ్చు. ఆనాటి ప్రధానోపాధ్యాయులు, ఆనాటి పిల్లలు ఎవరూ ఇప్పుడక్కడ ఉండకపోవచ్చు. తనిఖీ ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పే గడి ఒకటి పెట్టి ఉంటే ఈ లోపం చాలావరకు తీరేది.

అంతకన్నా పెద్ద లోటు సీట్ల గురించి ఒక్క వాక్యమూ లేకపోవడం. మన దగ్గర ఫీజు కడితే సెక్షన్ పెంచైనా చేర్చుకుంటారు. అక్కడ రిసెప్షన్ (నాలుగేళ్ళు నిండిన పిల్లలు చేరే మొదటి తరగతి) నుంచి రెండో ఇయర్ వరకు ఒక టీచరుకు 30 మంది పిల్లలకు మించి ఉండకూడదని చట్టమే ఉంది. మినహాయింపులు కొద్దిగా ఉన్నా, ముప్పయ్యో బిడ్డ చేరాక ఆ తరగతి నిండినట్టే. అన్న లేదా అక్క అదే బడిలో ఉంటే సాధారణంగా ప్రాధాన్యం ఇస్తారు, ఆ తరువాత ఎక్కువగా ఇంటి దూరం చూస్తారు. చాలా కౌన్సిళ్ళు (అక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థలు) కిందటి ఏడాది చిట్టచివరి సీటు ఎంత దూరంలో ఉన్న బిడ్డకు దక్కిందో తమ వెబ్‌సైటులో ప్రకటిస్తాయి. ఊళ్ళను పోల్చడానికి ఇంతకన్నా నిక్కమైన కొలత నాకు కనిపించలేదు. నక్షత్రాలు వేసిన వారు ఆ పేజీ తెరిచి చూసినట్టు లేదు.

మా పాప విషయంలో ఇది మరీ సున్నితం. సెప్టెంబరులో తాను ఆరో ఇయర్‌లో చేరుతుంది, అది అక్కడ ప్రాథమిక బడిలో చివరి సంవత్సరం. హైస్కూలు దరఖాస్తుకు గడువు అక్టోబరు 31. సీటు ఎక్కడ వచ్చిందో మార్చి 1న చెబుతారు. గడువు దాటిన దరఖాస్తులను ముందు సకాలంలో వచ్చినవన్నీ తేల్చాకే చూస్తారు. అంటే విమానం దిగిన కొన్ని వారాలకే, రుజువు చూపగల చిరునామాతో, రాబోయే ఏడేళ్ళ చదువును నిర్ణయించే దరఖాస్తు పెట్టాలి. నివేదికలో ఈ తేదీలు లేవు. దానికి బదులు గ్రామర్ స్కూళ్ళు, అంటే ప్రవేశ పరీక్షతో పిల్లలను చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్ళు, ఉన్నాయంటూ స్లౌకు, రెడింగ్‌కు అదనపు నక్షత్రాలు వేశారు. ఆ స్కూళ్ళు నిజంగానే మంచివి. అయితే వాటి ప్రవేశ పరీక్ష ఆరో ఇయర్ మొదట్లోనే జరుగుతుంది, పేరు నమోదు దానికన్నా ముందే ముగుస్తుంది. అక్కడి సిలబస్ ఎరుగని పిల్ల ఆగస్టులో దిగి ఆ పరీక్ష రాయడం మాటలు కాదు. మాకు అందని ద్రాక్షకు నక్షత్రం వేసి ఏం లాభం?

ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టే స్కూల్ వ్యాన్ కూడా అక్కడ మామూలు విషయం కాదు. ప్రభుత్వం ఉచితంగా వాహనం ఏర్పాటు చేసేది సాధారణంగా తగిన దగ్గరి బడే ఎనిమిదేళ్ళలోపు వారికి రెండు మైళ్ళు, ఆపై వారికి మూడు మైళ్ళు దాటినప్పుడే. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది, ఆ తరువాత వారి పరీక్ష రాయవలసిందే. కనుక తొలి ఏడాది కారు లేకుండానే బడికీ స్టేషనుకూ చేరుకోగల పేట వెతుక్కోవడం తెలివి. ఈ కోణంలో చూస్తే ఊరి పేరుకన్నా పేట పేరు ముఖ్యమవుతుంది. నివేదిక ఊరి దగ్గరే ఆగిపోయింది.

ఖర్చుల పేజీలో అద్దెలు ఉన్నాయి, కౌన్సిల్ ట్యాక్స్ లేదు. ఇది ఇంటి అద్దెకు అదనంగా అద్దెకున్నవారే కట్టుకునే పన్ను. స్లౌ కౌన్సిల్ 2021లో తన ఖర్చులకు తగ్గ డబ్బు లేదని చట్టబద్ధంగా ప్రకటించుకుంది, 2023లో ఈ పన్నును 9.99 శాతం పెంచింది. ఊరికి మొదటి స్థానం ఇచ్చేటప్పుడు ఈ సంగతి ఒక మూలనైనా రాయాలి కదా.

గుడి అనే అంశానికి విడిగా ఒక పేజీ కేటాయించారు. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో తిరుమల ఆలయం నమూనాలో కట్టిన వేంకటేశ్వరాలయం ఉంది. 2006లో ప్రతిష్ఠ జరిగింది. మా అమ్మ ఈ పేజీని మాత్రం శ్రద్ధగా చదివించుకుని, ఆ ఊరైతే వెళ్ళండి అని తేల్చేసింది. కొండ కిందే ఉంటూ మనం ఏడాదికి ఎన్నిసార్లు కొండెక్కుతున్నామో అడగబోయి ఊరుకున్నాను. ఉద్యోగం రెడింగ్‌లో కాబట్టి ఆ గుడి సెలవురోజు ప్రయాణమే అవుతుంది.

సెలవుల ప్రస్తావన ఎక్కడా లేదు. సంక్రాంతికి పిల్లలను బడి మాన్పించి నాలుగు వారాలు ఊరికి తీసుకొద్దామనుకునేవారు తెలుసుకోవలసిన నిబంధన ఇది: అనుమతి లేకుండా టర్మ్ మధ్యలో మాన్పిస్తే, 2024 ఆగస్టు నుంచి ఒక్కో బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికి 80 పౌండ్ల జరిమానా పడవచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. తాతయ్యావాళ్ళతో పండగ చేసుకునే అవకాశం ఊరి మీద కాక బడి క్యాలెండరు మీద ఆధారపడుతుందన్నమాట.

ఈ లోపాలన్నీ రాసి పంపితే కౌంటరు అమ్మాయి నొచ్చుకోకుండా విని, "పేట వారీగా చూసి చెప్పడానికి మా దగ్గర మనిషి లేడు సార్" అని నిజాయితీగా ఒప్పుకుంది. నా భార్య కౌన్సిల్ అడ్మిషన్ల విభాగానికి ఈమెయిలు పెట్టి ఆరో ఇయర్‌లో, రిసెప్షన్‌లో ఏ బడుల్లో ఖాళీలున్నాయో తెప్పించుకుంది. దానికి ఖర్చేమీ కాలేదు. ఆ జాబితాను పక్కన పెట్టుకుని, బస్సులు తిరిగే రోడ్డుకు దగ్గరగా ఉన్న రెడింగ్ పేటల్లోనే ఇల్లు వెతుకుతున్నాం.

ఈ సంస్థ దగ్గరికి వెళ్ళాలనుకునేవారు పత్రాల పరిశీలనను మాత్రమే విడిగా తీసుకోవచ్చు. బోర్డు మీద ఆ ధర రాసి ఉండదు, నేను అడిగితే 8,000 అన్నారు. ఊళ్ళ నివేదిక కూడా కావాలంటే తనిఖీ సంవత్సరం, ఖాళీ సీట్లు, దరఖాస్తు గడువులు అందులో ఉంటాయా అని డబ్బు కట్టకముందే అడగండి.